బిడ్డ చెవిలో బాంగు

మళ్లీ ఉమ్మేశాడు అన్న, కర్నూలు కచేరీ గోడ మీద, ఆ ఎర్రటి తడి కిందికి జారుతోంది, లోపల ఇంకెవరిదో కేసు నడుస్తోంది, తర్వాత నాదే, పిల్లకు మనోవర్తి ఇప్పించమని నా పెళ్లాం నబీసా వేసింది, మర్చిపోవాకురా వలీ, పిల్ల పుట్నెప్పుడు చెవిలో బాంగు జెప్పింది నేను, నువ్వు గాదు, నువ్వు ఆ పొద్దు ఈడ ల్యావు, అంటాడు హుస్సేనన్న నోటినిండా తాంబూలంతో, బాంగంటే బిడ్డ పుట్టగానే తండ్రి చెవిలో చెప్పే నమాజు పిలుపు, అవునప్పా, అదొక్కటే మనకు అడ్డం, అంటాడు ప్లీడరు, ఏడాది పొడుగునా నువ్వు కడపలో దూది ఏకుతాంటివని చెప్పేటోళ్లు ఉండారు, బాంగు కూడా నువ్వు జెప్పలేదంటే పిల్ల నీది గాదని తేలిపోతాది, జెప్పినానంటే మాత్రం తండ్రినని నువ్వే ఒప్పుకున్నట్టు, పిల్ల పెద్దయ్యేదాకా మనోవర్తి కట్టాల్సిందే, అని ఆగక, నా పెళ్లాం ఏ గదిలో పడుకునేదో, తలుపు గడియ పెట్టేదో లేదో అడిగాడు, అడుగుతూ పెదవులు తడుపుకున్నాడు, థూ, ఈ మనిషి పక్కన కూర్చున్నందుకే తలకు పోసుకోవాలి.

నబీసా అటు గోడ నీడన కూర్చుంది, దాని ముఖం చూడబుద్ధి కాదు, నన్ను కడపకు పంపిన దూది సేటే నేను లేనప్పుడు నా గడప తొక్కాడు, ఆయన పేరు మాత్రం తీర్పు చెప్పే దొర ముందర ఎత్తకూడదట, ఎత్తితే అన్నకు ఆయన దగ్గర దూది పుట్టదు, అంటే ఆ పిల్ల మాబీకి నేనూ తండ్రిని కాకూడదు, ఇంకెవరూ కాకూడదు, అదుగో మాబీ, నా చొక్కాకు అంటుకున్న దూదిపోగు తీయడానికి మెల్లగా వచ్చింది, పో అన్నాను, పోలేదు.

నేను కడప నుంచి తిరిగొచ్చిన నాలుగో రోజున పుట్టింది మాబీ, పుట్టినప్పుడు ఏడవలేదు ఇది, ఒళ్లంతా నీలం, మంత్రసాని జానమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి, సచ్చేలోపల బాంగన్నా చెవిన పడనీప్పా అంది, ఎవరి బిడ్డో నాకు తెలియక కాదు, కడుపు మండుతూనే వంగాను, అన్న అక్కడే ఉన్నాడు, నెత్తురు వాసనకు ముక్కు మూసుకొని గుమ్మం అవతలే నిలబడ్డాడు, బాంగు సగంలో ఉండగా చెవి దగ్గర చిన్న మూలుగు, తర్వాత ఏడుపు, ఆ ఏడుపు విన్నాక మిగతా బాంగు నేను ఏడుస్తూనే చెప్పాను, ఆ బాంగు ఇప్పుడు ఈ ఎర్రటి నోటికి ఇచ్చేయమంటున్నారు.

బంట్రోతు నా పేరు అరుస్తున్నాడు, నడువురా అని అన్న వీపు తడుతున్నాడు, ఆ చెయ్యి విదిలించుకున్నాను, నబీసా మీద రోత పోలేదు, పోదు కూడా, దాన్ని ఇంటికి పిలవను, కానీ దొర అడగనీ, బాంగు ఎవరు చెప్పారని అడగనీ, నేనే జెప్పినా దొరా, నా బిడ్డ చెవిలో నేనే జెప్పినా.