చెరో గదిలో

అరబ్బుల ఊరు బుసైతీన్‌లోని ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్రలు లేచే వేళకి పనిమనిషి సుబ్బాయమ్మ మూడు కప్పుల టీ కలిపేది. ఒకటి నోరమ్మకి. ఒకటి ముందుగదిలో కూర్చున్న ఆమె భర్త సామ్యూల్‌కి. ఇంకొకటి వంటింట్లో కూర్చున్న ఆమె తమ్ముడు డెర్మట్‌కి. నోరమ్మకి ఎనభై దగ్గరపడుతున్నాయి. మగాళ్ళిద్దరూ పాతికేళ్ళు నిండకుండానే చనిపోయారు కాబట్టి ఆ వయసులోనే ఉండిపోయారు.

"పెద్దసార్లు వచ్చిండ్రా అక్కా?" అని అడిగి, డ్రైవరు నర్సింగ్ వాకిట్లోంచి కారు పక్కకి తీసేవాడు.

ఆ మగాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసేవారు కారు. ఒకసారి రెండు కప్పులూ ఒకే బల్ల మీద పెడితే ఎవరూ ముట్టలేదు.

"ఇద్దరూ ఏసుప్రభువు మనుషులే కదమ్మా, ఏంటీ పంతం?" అని అడిగింది సుబ్బాయమ్మ ఓ రోజు, నోరమ్మ కాళ్ళకి నూనె రాస్తూ. ఏళ్ళ తరబడి ఆడాళ్ళిద్దరి మాటలు సగం హిందీ, సగం సైగలు.

"మా బెల్‌ఫాస్ట్‌లో మేము కాథలిక్కులం, సామ్యూల్ వాళ్ళు ప్రొటెస్టెంట్లు" అంది నోరమ్మ. "ఇళ్ళయినా ఉద్యోగాలయినా ముందు వాళ్ళకే. పేరు చెబితే చాలు, ఏ చర్చివాళ్ళో తెలిసిపోయేది. మాకూ ఇమ్మని మావాళ్ళు రోడ్డెక్కారు. రాళ్ళు పడ్డాయి. ఆనక వీధులకి వీధులు తగలబడ్డాయి. సైన్యం దిగింది. రెండువైపులా తుపాకులు పట్టారు. అప్పటికి నేను సామ్యూల్‌ని చేసుకున్నాను. పనినుంచి వస్తున్న డెర్మట్‌ని వాళ్ళవైపు వాళ్ళు కాల్చేశారు. నెల తిరక్కుండా మావైపు వాళ్ళు పెట్టిన బాంబుకి సామ్యూల్ పోయాడు. చంటాణ్ణి చంకనేసుకుని నర్సు ఉద్యోగానికి ఇక్కడికొచ్చాను. వీళ్ళూ వెంట వచ్చారు."

"వీళ్ళిద్దరి మధ్యా ఏమైనా గొడవుందా?"

"లేదు. కలిసి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు."

ఆ చలికాలం నోరమ్మ మంచం పట్టింది. సుబ్బాయమ్మ అప్పటికే ఇక్కడి పని చాలించుకుని ఊరెళ్ళిపోదామనుకుంది. నోరమ్మ కొడుకు ఆమెకి టికెట్ కూడా తీశాడు. ఈలోగా ఒక పొద్దున్న నోరమ్మ ఊపిరి ఆగింది. సామ్యూల్ ముందుగదిలోంచి వచ్చి చెయ్యి చాచాడు. వంటింట్లోంచి వచ్చి డెర్మట్ కూడా చాచాడు. నోరమ్మ మంచం దిగి రెండు చేతులూ పట్టుకుంది.

"ముగ్గురం కలిసి పోదాం" అంది.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత చేతులు విడిపించుకుని ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయారు.

కొడుకు ఆమెని పాతిపెట్టి ఇంటికొచ్చేసరికి నోరమ్మ నడవాలో నిలబడి ఉంది. ముందుగది వైపు అడుగేస్తే డెర్మట్ తల దించుకుంటాడు. వంటింటి వైపు తిరిగితే సామ్యూల్ దించుకుంటాడు. సుబ్బాయమ్మ కుర్చీ తెచ్చి వేసినా ఆమె కూర్చోలేదు. కొడుకు తల్లి వైపు చూడలేక గోడ వారగా నడుచుకుపోయాడు.

ప్రయాణం రోజు నర్సింగ్ పిలిచాడు. "యల్లా, పద అక్కా, లేటయితాంది."

సుబ్బాయమ్మ పెట్టె మోసుకుని నడవాలోకి వచ్చింది. నోరమ్మ గోడకి ఒదిగి దారి ఇచ్చింది. సుబ్బాయమ్మ రెండడుగులు వేసి పెట్టె దించేసింది.

"నువ్వెళ్ళు నర్సింగూ. ఈవిణ్ణిలా నిలబెట్టి నేనెక్కడికి పోనూ?"

నర్సింగ్ పెట్టె తీసుకెళ్ళి ఆమె గదిలో పెట్టొచ్చాడు.

సుబ్బాయమ్మ ఊళ్ళో ఉన్న మొగుడు బుల్లిరాజుకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది.

"మరెప్పుడొస్తావు?"

"ఆళ్ళిద్దరూ మాట్టాడుకున్నాక."

"అయితే ఇంక రావన్నమాట" అన్నాడు బుల్లిరాజు.