చుట్టి పెట్టిన వైరు

చెల్లెలి ఇంట్లో కంప్యూటరు ఆన్ కావడం లేదని ఫోన్ వస్తే మెకానిక్ ఎక్కడి పని అక్కడే వదిలేసి బయలుదేరాడు. మామూలు రోజైతే సాయంత్రం చూద్దాంలే అనేవాడు. సొంతవాళ్ళ పని ఎప్పుడూ వరుసలో ఆఖరే కదా. కానీ ఈవేళ మూడింటిలోగా ఆమె ఓ పుస్తకానికి తప్పులు దిద్దిన పేజీలు పంపాలి. అవి నచ్చితే ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి తనకంటూ దొరకబోతున్న మొదటి పని. పంపకపోతే ఇంకెవరికో పోతుంది, అంతే సంగతులు.

వెళ్ళగానే బటన్ నొక్కి చూశాడు. లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు, ఉలుకూ పలుకూ లేదు.

గుడ్డిగా పార్టులు మార్చేసే రకం కాదతను. ముందు గోడ ప్లగ్గులో ఫోన్ ఛార్జరు పెట్టాడు. కరెంటు వస్తోంది. పవర్ కేబుల్ మార్చాడు, లాభం లేదు. పక్క మూత విప్పి, పవర్ సప్లై డబ్బాను విడదీసి, దాని ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ చిన్న తీగముక్కతో కలిపాడు. డబ్బాలో ఫ్యాను నిక్షేపంగా తిరిగింది. అంటే డబ్బా బాగానే ఉంది, లోపం ఇంకెక్కడో. టార్చి వేసుకుని మదర్‌బోర్డు మీదకి వంగాడు.

ముందున్న బటన్ నుంచి వచ్చే సన్న వైరు బోర్డులో గుచ్చి ఉండాలి. లేదు. దానంతటదే ఊడిందంటే నమ్మేవాడే, పాతబడ్డ వాటిలో ఊడుతూనే ఉంటాయి. కానీ ఊడిన వైరు వేలాడుతుంది. ఇది వేలాడటం లేదు. మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, డిస్కు వెనకాల బుద్ధిగా పెట్టి ఉంది.

అతను టార్చి దగ్గరగా పట్టి ఇంకోసారి చూశాడు.

అలా చుట్టే షాపు అతనికి తెలిసి ఒక్కటే. తీసిన వైరు వేలాడితే ఫ్యానులో పడుతుంది, మూడు చుట్లు చుట్టి డిస్కు వెనక దోపాల్సిందేనని రూలు పెట్టింది తనే. ఆ షాపులో ఉండేది ఇద్దరు. ఒకడు తను, రెండోవాడు తన భాగస్తుడు, అంటే ఈ చెల్లెలి మొగుడు. బావ చేతికి ఆ అలవాటు ఎంత పట్టేసిందంటే, పెళ్ళాం నోటి దగ్గర కూడు లాగేస్తూ కూడా వైరుని శుభ్రంగా చుట్టి పెట్టాడు. దొంగతనానికి వచ్చినవాడు పోతూ పోతూ ఇల్లు సర్దిపెట్టినట్టు!

పోయిన వారం షాపులో బావ అన్న మాట గుర్తొచ్చింది. ఆవిడగారు ఉద్యోగం వెలగబెడితే ఇక ఇంట్లో నా మొహం చూసేదెవరు అన్నాడు. తను నవ్వి ఊరుకున్నాడు. సిగ్గులేని నవ్వు. అసలీ సంబంధం తెచ్చిందీ, మా బావంతటి బుద్ధిమంతుడు లేడని అందరి దగ్గరా టముకు వేసిందీ తనే.

చెప్పేయాలి. చెబితే ఇంట్లో రాద్ధాంతం. రేపు షాపులో ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. పదకొండేళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న మనుషులు. పైగా బోర్డుల రిపేరు బావకి వచ్చినట్టు తనకి రాదు. టైము రెండు దాటింది, ముందు దీని పని కానిద్దాం, బావని తర్వాత విడిగా కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడదాం అనుకున్నాడు. పిరికితనానికి సాకులు వెతకడంలో మనిషి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో!

డబ్బాని మళ్ళీ తగిలించి, చుట్లు విప్పి, వైరు గుచ్చి, బటన్ నొక్కాడు. తెర వెలిగింది.

"ఏమైందన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు.

"ఏం లేదమ్మా, లోపల దుమ్ము పట్టేసింది. నువ్వు పేజీలు పంపించుకో."

ఆమె కదల్లేదు.

"పొద్దున్నే మూత తీసి చూశాను. మెకానిక్‌కి చెల్లెల్ని, మెకానిక్‌కి పెళ్ళాన్ని, ఆమాత్రం తెలీదా? వైరు పెట్టుకుని పదింటికే పేజీలు పంపించేశాను. తర్వాత మళ్ళీ తీసి, ఆయన ఎలా చుట్టారో అలాగే చుట్టి, నీకు ఫోన్ చేశాను."

"ఎందుకమ్మా?" అడిగాడు.

"నా వైపు మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉన్నారేమో చూద్దామని."

షాపు చెడిపోతుందని భయపడ్డానని చెప్పబోయి మానుకున్నాడు. ఆమె కోప్పడనూ లేదు, ఏడవనూ లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"ఆయన అడిగితే దుమ్మనే చెప్పు. మన ఇద్దరిదీ ఒకే మాటగా ఉంటుంది" అంది.

అతను స్క్రూడ్రైవర్లు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి చూస్తే, ఆమె కంప్యూటరు మూత తనే బిగించుకుంటోంది.