తొట్టి గోడ మీది నురగ

నిలవ నీళ్ళు కంటబడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. నిరుడు పక్కింటి పాపకు డెంగీ జ్వరం వచ్చినప్పటి నుంచి మూకుట్లో చుక్క నిలిచినా బోర్లిస్తాను. మొన్న వాన వెలిశాక, పెరట్లో గొర్రెల కోసం కట్టిన సిమెంటు తొట్టి నిండింది. ఆ నీళ్ళన్నీ తోడి పారబోశాను.

"ఊరంతా వానకు మొక్కుతాంటే నువ్వు పారబోస్తాండావు గదే!" అన్నాడు మా ఆయన ఓబులేసు.

"మన పాపకు జొరమొస్తే నీ వాన వచ్చి చూస్తాదా?"

ఆ మధ్యాహ్నం సంగటి కెలుకుతుంటే పాప చప్పుడు వినబడలేదు. మా ఆశ్రితకు ఆరేళ్ళు. అది అల్లరి చేస్తే కోపం వస్తుంది, చేయకపోతే భయమేస్తుంది. పెరట్లోకి వెళ్ళి చూస్తే తొట్టి పక్కన కూర్చుని ఉంది. చేతుల నిండా తెల్లటి నురగ. పెదవి మీదా నురగే. పక్కన శనక్కాయ పైరుకు కొట్టే పురుగుల మందు డబ్బా.

ఇంకేమీ చూడలేదు. పాప మూతి కొంగుతో తుడిచి, భుజాన వేసుకుని పరుగెత్తాను.

"పాప మందు తాగింది, బండి తియ్యి!" అని ఓబులేసును కేకేశాను.

దారిలో అది ఏదో చెప్పబోతే "మాట్లాడొద్దు, ఆయాసమొస్తాది" అని నోరు మూయించాను. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. తలనీలాలు అనబోయాను గానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నా బిడ్డను నాకియ్యి సామీ. ఏ తల్లి బిడ్డలకూ నా చేతుల్తో చెరుపు చేయను."

ఆసుపత్రిలో నర్సు కృపాకుమారి పాప కళ్ళు చూసింది, నాడి చూసింది. చేతులు వాసన చూసి, నా కొంగు కూడా వాసన చూసింది.

"మందు వాసన యాడుందక్కా? నువ్వు చూసినావా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు.

"ఏం తాగినావు పాపా?" అని నర్సే అడిగింది.

"ఏమీ తాగలేదు. కప్ప నురగతో మీసాలు పెట్టుకున్నా."

"కప్ప నురగేందే?" అన్నాను.

"తొట్టి గోడకు కప్ప గూడు కట్టింది మా. నురగలో గుడ్లుండాయి. కింద నీళ్ళుంటే పిల్లలు ఆటిలోకి జారతాయని నాయన చెప్పినాడు. నువ్వు పారబోసేస్తివి. కొంచెం తీసి డబ్బాలో పెట్టి నీళ్ళు పోద్దామనుకుంటి. మూత రాలేదు."

మూత రాలేదు. ఆ రెండు మాటలు విన్నాక పాప చేతులు రెండూ పట్టుకుని ఈసారి నేనే వాసన చూశాను.

ఓబులేసు తల గోక్కున్నాడు. "మనం నీళ్ళు పోసుకునే బచ్చల్లో గోడకు అంటుకోని ఉంటాదే, సన్న కప్ప, అదేనే. వానొస్తే కాళ్ళతో చిలికి నురగ కడతాది."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే కప్పకూ జొరమొస్తాదని ఏడుస్తావు!"

కృపాకుమారి నవ్వింది. అయినా సబ్బుతో పాప చేతులూ మూతీ కడిగి, డాక్టరుకు చూపించి, సాయంత్రం దాకా తన కళ్ళ ముందే ఉంచుకుంది. ఇక ఇంటికి పొమ్మన్నప్పుడు ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాను.

ఇంటికొచ్చాక ఓబులేసు ఆ డబ్బాను అటక మీది పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నేను తొట్టి దగ్గరికి వెళ్ళాను. సగం నురగ ఇంకా గోడకే అంటుకుని ఉంది. పైన పెచ్చు కట్టినా లోపల తడిగానే ఉంది. దాని కింద ఎండిన సిమెంటు. నా మొక్కు నా ఎదురుగానే ఉంది.

బిందెలతో నీళ్ళు మోసి తొట్టి నింపాను. దోమల మాటేమిటి? పాత దోమతెర తెచ్చి తొట్టి మొత్తానికీ కప్పాను.

"కప్పలకు దోమతెర కట్టిన మహాతల్లివి నువ్వేనే," అన్నాడు ఓబులేసు. అననీ.

కొన్నాళ్ళకు నురగ పలచబడి కారింది. "మా, రా, రా!" అని పాప కేక వేస్తే చేతిలో గరిటెతోనే వచ్చాను. చూస్తే నీళ్ళలో తోకలాడిస్తూ ఎన్నో పిల్లలు.

తల్లి కప్ప బచ్చల్లోనే ఉంది. ఎండుగడ్డి రంగు ఒళ్ళు, గుండ్రటి వేళ్ళ కొసలు, కాళ్ళు ముడుచుకుని గోడకు అతుక్కుని పగలంతా నిద్ర. ఇదివరకైతే చీపురుతో తోలేదాన్ని. ఇప్పుడు దాని మీద పడకుండా నెమ్మదిగా నీళ్ళు పోసుకుంటాను.

"నీ బిడ్డలు బాగుండారు," అని చెప్పాను దానికి. "నా బిడ్డా బాగుండాది."

చెప్పానో లేదో, ఎండకు తొట్టి నీళ్ళు కాగుతాయేమోనని భయం పట్టుకుంది. చల్లటి నీళ్ళ చెంబు తీసుకుని పెరట్లోకి పరుగెత్తాను.