మేడమీది ముసలమ్మకు ఇటుక బాకీ

ఆ మేడమీది ముసలమ్మకు తనంటే కోపమని మెరెరిద్‌కు ఎన్నేళ్లుగానో అనుమానం.

ప్రతి ఆదివారం ప్రార్థనకు పోతూ ప్లాస్ గ్వెర్నోగ్ బంగళా గేటు దగ్గర ఆగి, ఆ ఎర్రిటుకల భవంతి పై వరుసలో చివరి కిటికీ వైపు చూసి తల వంచేది. అక్కడ తెల్లటోపీ పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఒక్కనాడూ తిరిగి తల ఆడించలేదు. "ఇటుక సంగతి మర్చిపోలేదు కాబోలు" అనుకునేది మెరెరిద్.

ఆమె అత్తగారు పెళ్లికి ముందు ఆ ఇంటి వంటగదిలో పనిచేసింది. ఓ మంచు రోజున, పెరట్లో పరిచిన ఇటుకల్లో ఊడివచ్చిన ఒకదాన్ని "రేపు తెచ్చిస్తా" అని ఇంటికి పట్టుకెళ్లింది. ఇటుకను పొయ్యిలో కాచి, ఉన్నిగుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకుంటే కాళ్లకు వెచ్చన. ఆ రేపు ఎన్నేళ్లకూ రాకుండానే అత్తగారు కన్నుమూసింది. ఇటుక మాత్రం కొడుకుకూ కోడలికీ కాళ్లు వెచ్చబెడుతూనే ఉంది.

ఈ ఏడు ముసలమ్మ ఉన్నట్టుండి పాలిపోయింది. బుగ్గల ఎరుపు పోయింది. మొన్న చూస్తే ముక్కు కూడా సరిగ్గా ఆనలేదు. మనిషి దక్కేలా లేదు! రేపేమో ప్రభువు బల్ల, గుడిలో రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకునే రోజు. సహోదరుడికి నీ మీద కోపముంటే ముందు వెళ్లి సమాధానపడమని వాక్యం. ఈలోగా ఆ సహోదరి పోతే ఏం చెయ్యాలో వాక్యంలో ఎక్కడా లేదు.

"ఇటుక ఇచ్చేస్తున్నాను" అంది పొద్దున్నే.

భర్త ఈవోర్ దుప్పటిలోంచి తల బయట పెట్టాడు. "చలికాలం ముందరా? ఎండలొచ్చాక పశ్చాత్తాపపడరాదుటే?"

"ఆవిడ అంతదాకా ఉండొద్దుటయ్యా!"

"మా అమ్మ బాకీ నీకెందుకే?"

"వెచ్చదనం మనిద్దరికీనూ, బాకీ మీ అమ్మ ఒక్కదానిదా? కాళ్లు తియ్యి."

ఇటుకనూ, ఎండుద్రాక్షల రొట్టెనూ బుట్టలో పెట్టుకుని మెరెరిద్ ఆ ఇంటి తలుపు తట్టింది. ఇంటి యజమానురాలు ఎలిస్ దొరసాని చంకలో పిల్లితో తలుపు తీసింది.

"మేడమీది పెద్దమ్మగారిని ఒక్కసారి చూడనివ్వండమ్మా. క్షమాపణ అడిగి వెళ్లిపోతాను."

"ఏ పెద్దమ్మగారు? ఇంట్లో ఉన్నది నేనూ, ఇదీ."

"అదేనమ్మా, ఆ చివరి కిటికీలో..."

దొరసాని ఆమెను చెయ్యి పట్టుకుని పచ్చికలోకి లాక్కొచ్చి పైకి చూపించింది. "సరిగ్గా చూడవే తల్లీ! అక్కడ గదే లేదు, ఉన్నది పొగగొట్టం. ఈ పక్క ఎన్ని కిటికీలుంటే ఆ పక్కా అన్నే ఉండాలని మా తాత పంతం. పొగగొట్టం అడ్డమొస్తే గోడకు సున్నం కొట్టించి కిటికీ బొమ్మ గీయించాడు. ఖాళీగా ఉంటే దిగులుగా ఉందని ముసలమ్మనూ గీయించాడు."

"అయ్యో ప్రభువా! ఇన్నేళ్లూ బొమ్మకా తల వంచాను? బొమ్మలకు మొక్కొద్దన్నది పది ఆజ్ఞల్లో రెండోదే కదమ్మా!"

"నువ్వొక్కదానివేనా? మీ పాస్టరుగారు టోపీ తీస్తారు. కిటికీలు తుడిచేవాడు ఏటా దాన్నీ తుడుస్తాడు. ఈసారి సోడా వేసి రుద్ది ముక్కు ఊడగొట్టాడు. అంతెందుకు, తోటపని ఎగ్గొట్టిన రోజున ఆవిడంటే నాకూ భయమే."

మెరెరిద్‌కు నవ్వొచ్చింది. అంతలోనే బుట్ట బరువు గుర్తొచ్చింది. "మరి ఈ బాకీ ఎవరికి తీర్చను?" అంటూ ఉన్నిగుడ్డ విప్పింది.

ఇటుక మీద కుక్క అడుగు అచ్చుపడి ఉంది. దొరసాని పిల్లిని వదిలేసింది.

"ఓసి, మా కుంటికుక్క కాలు!"

ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. అక్కడి ఇటుకలన్నీ ఆ ఇంటి చేలోని మట్టితోనే చేసినవి. పచ్చి ఇటుకలు ఆరుతుంటే ఏదో కుక్క వాటి మీద నడిచింది. మేస్త్రి సరదాపడి, అది నడిచిన వరుసలోనే వాటిని వంటింటి గడప ముందు పరిచాడు. ఓ అడుగు, ఇంకో అడుగు, మరో అడుగు, ఆ తర్వాత పూలకుండీ.

"నా చిన్నప్పట్నుంచీ మా కుక్కకు మూడు కాళ్లే" అంటూ దొరసాని కుండీ జరిపింది. దాని కింద గుంట.

మెరెరిద్ మోకాళ్ల మీద కూర్చుని ఇటుక అందించింది.

"ఇదేమిటే, ఇంకా వెచ్చగా ఉంది?"

"మా ఆయన పొద్దున దాకా వదల్లేదమ్మా" అంది మెరెరిద్ సిగ్గుపడుతూ.

ఇటుక గుంటలో సరిగ్గా కూర్చుంది. దొరసాని దాన్ని మడమతో గట్టిగా తొక్కింది. కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడింది.