తడిగోనె కింద

ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు. ఆదాము కడ్డీని పైకి లాగి ఇనుప అచ్చు అంచుకి మెల్లగా తట్టాడు. కాంక్రీటు సర్దుకుని కూర్చుంది. ఒక్కో క్యూబుకి మూడు పొరలు, ఒక్కో పొరకి ముప్పై అయిదు పోట్లు. ముప్పై నాలుగు పొడిచినా కనిపెట్టేవాళ్లు లేరు. అయినా మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎడమచెయ్యి ఎత్తి ఆగమంటాడు. ముప్పై అయిదూ అయ్యాకే తల తిప్పుతాడు.

ఆ శుక్రవారం ఉగాది మర్నాడు. 2006 మార్చి ముప్పై ఒకటి. తెనాలిలో రోడ్ల శాఖ వాళ్ల రేకుల షెడ్డులో, రేపల్లె రోడ్డు మీద కట్టబోయే రెండో కల్వర్టు ఇసుకతో అతను క్యూబులు, అంటే బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు, పోస్తున్నాడు. నియమం ప్రకారం ఆరు చాలు. ఆదాము ఎప్పుడూ తొమ్మిది పోస్తాడు. ఎందుకని అడిగితే, "మూడు ఎందుకైనా మంచిదండి" అంటాడు.

పొట్టి మనిషి. క్యూబు ఒక్కోటి ఎనిమిది కిలోల పైన ఉంటుంది. ఇన్నేళ్లూ వాటిని మోసి కుడిభుజం ఎడమదాని కన్నా రెండంగుళాలు కిందికి దిగింది. కనుబొమల్లో సిమెంటు ఎప్పుడూ ఉంటుంది. వేళ్లు మాత్రం ఎనిమిది నెలలుగా మెత్తబడ్డాయి. రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు కొండమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తుంది. వద్దన్నా వినదు.

కొండమ్మ పిట్టలవానిపాలెం మనిషి. మొదటి భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆదాము మొదటి భార్య పోయి పన్నెండేళ్లు. నిరుడు జూలైలో చర్చిలో ఇద్దరికీ పెళ్లయింది. పాస్టరుగారు వయసడిగితే ఆదాము సిగ్గుపడుతూ యాభై మూడన్నాడు. పిల్ల తరఫువాళ్లు ఉద్యోగం ఇంకా ఎన్నాళ్లని అడిగారు. అయిదేళ్లుందన్నాడు. అందులో ఒక ఏడాది కావస్తోంది. ఇంకా నాలుగు. ఆ నాలుగేళ్లనీ అతను రోజూ ఒకసారి తలుచుకుంటాడు, జేబులో ఉన్న బెల్లంముక్కని తడిమి చూసుకున్నట్టు.

పొద్దున క్యారేజీ ఇస్తూ ఆమె కింది గిన్నెలో ఏముందో చెప్పలేదు. రోజూ ఇదో ఆట. క్యూబుని చేత్తో ఎత్తి పావుకిలో తేడాతో బరువు చెప్పగల మనిషి, క్యారేజీని ఎత్తి చూసి, "గారెలు. నాలుగు" అన్నాడు. కొండమ్మ మొహం తిప్పుకుని నవ్వింది. "అయిదు. నీ తూకం తప్పిందిలే. సాయంత్రం అయిదున్నరకి గేటు కాడుంటా. తెల్లచొక్కా మర్చిపోకు." ఇద్దరూ కలిసి ఫోటో దిగాలని ఎనిమిది నెలలుగా అనుకుంటున్నారు. తెల్లచొక్కా ఇప్పుడు షెడ్డులో మేకుకి వేలాడుతోంది, సిమెంటు పడకుండా కాగితంలో చుట్టుకుని.

పదకొండింటికి ఇంజనీరు ఫణి వచ్చాడు. వెనక రేపల్లె రోడ్డు పనిలో కాంట్రాక్టరు మనిషి జాకీర్. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"ఏం బాబాయ్, కొత్త పెళ్లికొడుకు చొక్కా కూడా తెచ్చుకున్నాడే" అన్నాడు జాకీర్, నవ్వు తెచ్చుకుని.

ఆదాము ఎడమచెయ్యి ఎత్తాడు. ముప్పై అయిదయ్యాక తిరిగాడు. "చెప్పండి సార్."

ఫణి క్యూబులు నానే నీళ్లతొట్టి అంచు మీద కూర్చున్నాడు. "పెద్దాయనా, మొదటి కల్వర్టు స్లాబు క్యూబులు ఎప్పుడు పోశావు?"

"పదో తారీకండి. పగలగొట్టి చూడటానికి ఇరవై ఎనిమిది రోజులు ఏప్రిల్ ఏడుకి నిండుతాయి."

"కేంద్రం డబ్బు ఇవాళ్టితో ఆఖరు. క్యూబు రిజల్టు లేకపోతే ఫైలు తీసుకోరు. ఫైలు వెళ్లకపోతే డబ్బు వెనక్కి. ఆ రోడ్డు ఇంకో వానాకాలం అలాగే ఉంటుంది."

"కొల్లూరు అరటిగెలలు ఇంకో ఏడు ఆ గోతుల్లో నలగాల్సిందే" అన్నాడు జాకీర్. "ఏడు రోజులే కదా బాబాయ్. తేదీలో పది కొట్టేసి మూడని గీకు. రాయికి పుట్టినరోజు ఎవడడుగుతాడు?"

ఆదాముకి అక్షరాలు రావు. అంకెలు వచ్చు. క్యూబుల మీద తేదీలు గీకుతూ నేర్చుకున్నవే. చెవి పైన ఎప్పుడూ ఉండే ఆరంగుళాల మేకుని తీసి, చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"వయసు రాలేదండి దానికి" అన్నాడు. "రానిదాన్ని వచ్చిందని రాస్తే, రేపు దాని మీద లారీ ఎక్కితే అది ఒప్పుకోవద్దాండీ?"

తొట్టిలో నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

"ఎక్కువ పోసిన మూడున్నాయి కదండీ" అన్నాడు ఆదాము. "ఇరవై ఒక్క రోజులవి. అవి పగలగొడదాం. ఎంత పడితే అంత, ఎన్ని రోజులైతే అన్ని రోజులని రాయండి. నిలబడితే నిలబడుద్ది, లేకపోతే లేదు."

ఫణి తల గోక్కున్నాడు. చివరికి ఊఁ అన్నాడు.

మూడు క్యూబులనీ తొట్టిలోంచి తీసి, గుడ్డతో తుడిచాడు ఆదాము. మొదటిదాన్ని మిషను పళ్లెం మీద పెట్టి పిడి కొట్టడం మొదలెట్టాడు. ముల్లు కదిలింది. ఇరవై. ముప్పై. నలభై అయిదు టన్నులు దాటితే చాలు, అది ఇరవై ఎనిమిది రోజుల లెక్క. నలభై. జాకీర్ కళ్లు మూసుకున్నాడు. నలభై అయిదు. ముల్లు ఆగలేదు. నలభై తొమ్మిది దగ్గర టప్పుమని చప్పుడై, క్యూబు నాలుగు పక్కలా ఒలిచినట్టు రాలి, నడుము సన్నగా ఢమరుకంలా నిలబడింది. మంచి కాంక్రీటు అలాగే పగులుతుంది. ఆ ఆకారం చూసినప్పుడల్లా ఆదాముకి లోపల పిల్లాడిలా సంతోషం. మిగతావి యాభై, నలభై ఎనిమిది.

"ఇరవై ఒక్క రోజులకే ఇంతుంటే ఎవరేమంటారు?" అన్నాడు ఫణి. ఉన్నది ఉన్నట్టు రాసి, మిగతా రిజల్టు ఏడో తారీకు తర్వాత పంపుతామని కింద ఇంకో వాక్యం చేర్చాడు. ఆదాము వాళ్లిద్దరికీ చెరొక గారె ఇచ్చాడు. అయిదున్నాయి. తూకం నిజంగానే తప్పింది.

నాలుగింటికి బాపట్ల ఆఫీసు గుమాస్తా వెంకటకృష్ణయ్య రైలు దిగి వచ్చాడు. ఫైలు పట్టుకెళ్లాలి. కూర్చుని కాగితాలన్నీ తిప్పి, క్యూబు రిజల్టు చూసి బాగుందన్నాడు. కానీ కదల్లేదు. సంచీలోంచి అట్ట చిరిగిన సర్వీసు పుస్తకం ఒకటి తీశాడు.

"కేంద్రం వాళ్లు ల్యాబు సిబ్బంది వివరాలు కూడా జతచేయమన్నారు సార్. ఎవరు పరీక్ష చేశారు, ఎన్నాళ్ల అనుభవం, అదీ ఇదీ. అందుకని నిన్న బీరువాలో వెతికితే ఇది దొరికింది. వర్క్ చార్జిడ్ కూలీల పుస్తకాల అడుగున పడి ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ తియ్యలేదు." ఆగాడు. "ఆదామూ, నీకు యాభై ఎనిమిది నిండాయి. ఇవాళ నీ రిటైర్మెంటు."

ఆదాము నవ్వాడు. ఉగాది మర్నాడు అందరూ కాస్త సరదాగానే ఉంటారు కదా అనుకున్నాడు.

గుమాస్తా పుస్తకాన్ని అతని వైపు తిప్పాడు. అక్షరాల మధ్య ఆదాము చదవగలిగింది అదొక్కటే. 12-3-1948.

"ఇది నాది కాదండి" అన్నాడు. "నేను పుట్టింది యాభై రెండులోనండి. కొల్లూరు చర్చి పుస్తకంలో ఉంది. పాస్టరుగారు చదివి చెప్పారు."

"అంటే అరవై ఆరులో, పద్నాలుగేళ్లకే కూలీల మస్టరులో చేరావా?" అన్నాడు గుమాస్తా.

ఆదాముకి గుర్తొచ్చింది. కంకర గుట్ట, ఎండ, తలపాగా చుట్టిన మేస్త్రీ. పద్నాలుగంటే పనిలోకి తీసుకోరురా, పద్దెనిమిదని చెప్పు. చెప్పాడు. మేస్త్రీ రాసుకున్నాడు. ఆ రోజు అన్నం దొరికింది. తర్వాత ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

"చర్చి కాగితం తెప్పిద్దాం. నేను రాస్తాను" అన్నాడు ఫణి.

"రాసినా రాదు సార్. చేరిన కొత్తలోనే అడగాలి. ఇప్పుడు మార్చడానికి రూలు లేదు." వెంకటకృష్ణయ్య గొంతు తగ్గించాడు. "నాకూ నిన్నే తెలిసింది ఆదామూ. తప్పు నాది కాదు."

ఫణి ఆదాము వైపు చూడలేక పొద్దున పగిలిన మూడు క్యూబుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

చూపించినచోట ఆదాము వేలిముద్ర వేశాడు. తాళాల గుత్తి, రెంచి, కడ్డీ బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. తెల్లచొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చాయి. మళ్లీ విప్పి పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి, పొద్దున పోసిన క్యూబుల దగ్గర కూర్చున్నాడు. పైన కాస్త బిగుసుకున్నాయి. తేదీ గీకడానికి సరైన పదును.

గేటు దగ్గర కొండమ్మ జాజులు పెట్టుకుని నిలబడి ఉంది. అతను చెప్పింది విని, సగమే అర్థమై, "అదేంటయ్యా. పెళ్లికి యాభై మూడన్నావు. ఎనిమిది నెలలకే యాభై ఎనిమిదా? అంతగా కాల్చుకు తిన్నానా నిన్ను?" అంది. తర్వాత అతని మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. కొంగుతో అతని కనుబొమల్లో సిమెంటు తుడిచింది.

"ఫోటో రేపు దిగుదామా?" అంది.

"ఇవాళే" అన్నాడు ఆదాము. "రేపటికి నా వయసు ఇంకెంత వేస్తారో."

ఇద్దరూ నడిచారు. అలవాటుగా అతను ఒకసారి చెవి పైకి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ ఏమీ లేదు.

షెడ్డులో తొమ్మిది అచ్చుల మీద తడిగోనె పరిచి ఉంది. రేపు ఉదయం ఎవరో విప్పి నీళ్లలో వెయ్యాలి, ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఎవరో పగలగొట్టాలి. గోనె కింద, తొమ్మిదింటి మీదా ఒకే వంపుతో, 31-3. గోనె గాలికి లేవకుండా దాని మీద, కొనకి సిమెంటు ఇంకా ఆరని ఆరంగుళాల మేకు.