రోజుకు రెండు పేజీలు

ఎబినేజర్ ఆనాటి పత్రికలను బల్ల మీద సర్ది, కిటికీ పక్క కుర్చీని తువ్వాలతో తుడిచాడు. హుజూరాబాద్ గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళుగా అటెండరు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మైదా జిగురు ఎండి ఉంటుంది. భార్య క్యాథరిన్ పోయాక అతనితో పది మాటలు మాట్లాడే మనిషి బాబు మియా ఒక్కడే. చూపు పోయిన లారీ మెకానిక్.

పదింటికి బాబు మియా కొడుకు మోయిజ్ తండ్రిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి పోయాడు. ఎబినేజర్ పాత డిటెక్టివు నవల తెరిచాడు. అందులో ఒక డిటెక్టివు, అతణ్ణి నీడలా అంటిపెట్టుకున్న నేస్తం. హంతకుణ్ణి వాళ్ళకంటే ముందే పడతానని బాబు మియా పంతం. ఇంతవరకూ నలుగురిని పట్టాడు, నలుగురూ నిర్దోషులే.

వేసవిలో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కరీంనగర్‌లో డయాలిసిస్. "గీ కితాబ్ అయ్యేదాంక పోత. తర్వాత గా సూదులు నాతోటి కాదు," అని తెగేసి చెప్పాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు. అప్పటినుంచి ఎబినేజర్ రోజుకు రెండు పేజీలే చదివాడు. అవీ తరిగిపోతుంటే పుస్తకంలో లేని వాన కురిపించాడు. అబద్ధమాడరాదని ఆదివారం చర్చిలో విని, సోమవారం కొత్త సాక్షిని పుట్టించాడు.

ఇవాళ బాబు మియా ముఖం ఉబ్బి ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"ఎబినేజరూ, నువ్వు కలిపి సదువుతున్నవని నాకు ఎర్కే. డిటెక్టివు మన బస్టాండ్ల మిర్చి బజ్జీలు తింటడా? ఇగ చాలు. ఎవలు చంపిండ్రో చెప్పు."

ఎబినేజర్ పుస్తకం మూసేశాడు. చెబితే ఈయన రేపు ఆసుపత్రికి పోడు.

"రేపు దవాఖానకు పోయిరా మియా. ఎల్లుండి చెప్త."

"ఎల్లుండి ఎవలు చూసిండ్రు?"

"నువ్వే చూస్తవ్. ఫికర్ చెయ్యకు."

బాబు మియా నవ్వి, కిటికీకి తల ఆనించాడు. నిద్ర పట్టిందనుకుని ఎబినేజర్ చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నం తలుపులు మూసే వేళకు లేపబోతే, చెయ్యి చల్లగా తగిలింది.

మోయిజ్‌కు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేలోగా ఆయన చెవి దగ్గర వంగి, నవలలో చంపింది డాక్టరు తమ్ముడని చెప్పాడు. ఎందుకు చంపాడో, ఎలా దొరికాడో, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు. పొద్దున్నే చెప్పి ఉంటే ఏం పోయేదని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మోయిజ్ వాళ్ళు వచ్చి బాబు మియాను ఆటోలో తీసుకెళ్ళారు. కిటికీ గట్టు మీద ఆయన కళ్ళద్దాలు ఉండిపోయాయి. చూపు పోయి నాలుగేళ్ళయినా రోజూ తుడిచి పెట్టుకునేవాడు. వాటి మీద ఒక్క మరక లేదు.