ఒక్క రీలు

ఒట్మార్ కెమెరా కిటికీకి కుడికన్ను ఆనించి బొటనవేలితో లెన్సు రింగు తిప్పాడు. రెండు బొమ్మలుగా కనిపిస్తున్న చర్చి గోపురం మెల్లగా జరిగి ఒక్క బొమ్మైంది. జర్మనీలోని ఈ వెట్స్‌లార్ ఊరి చర్చికి ఒక గోపురం పూర్తయింది, రెండోది సగంలో ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లుగా కెమెరా కంపెనీలో ఈ రిపేరు బల్ల దగ్గర కూర్చుని, ఆ పూర్తయిన గోపురం మీదే అతను వేలాది కెమెరాలు సరిచూశాడు.

ఇదే ఆఖరిది. నాలుగింటికి రిటైరవుతాడు.

వెళ్లిపోయేవాళ్లకి ఇక్కడొక ఆనవాయితీ ఉంది. గీతలు పడి అమ్మకానికి పనికిరాని లెన్సుల బీరువా తెరుస్తారు. అందులోంచి మూడు ఏరుకోవచ్చు. మూడే. ఒట్మార్ పొద్దుటినుంచి పదకొండు లెన్సులు బల్లమీద పరిచి తికమక పడుతున్నాడు.

"ఏంటయ్యా, పెళ్లికూతుర్ని ఎంచుతున్నావా?" పక్క బల్ల ఆంకె అడిగింది.

"రోస్విటా ఫొటోకి ఒప్పుకుంది."

ఆంకె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

ఆ కథ అక్కడందరికీ తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒట్మార్ భార్య రోస్విటాని ఉత్తర సముద్రంలో దీవికి తీసుకెళ్లి ముప్పై ఆరు ఫొటోలు తీశాడు. అన్నీ నల్లగా వచ్చాయి. లెన్సు మూత తీయలేదు. ఈ రకం కెమెరాలో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. మూత ఉన్నా కిటికీలో లోకం చక్కగానే కనిపిస్తుంది. ఆ సంగతి రోజూ పదిమందికి చెప్పేవాడే మరిచిపోయాడు. ఆ తర్వాత రోస్విటా అతని కెమెరా ముందు నిలబడలేదు. నిన్న భోజనం దగ్గర మాత్రం చెప్పేసింది: "మళ్లీ ఆ దీవికే పోదాం. ఒక్క రీలు. ఈసారీ నల్లగా వచ్చిందో, నిన్నక్కడే వదిలేసి వస్తా."

ఒట్మార్ ముందు వెడల్పుగా చూపే ముప్పై ఐదు మిల్లీమీటర్ల లెన్సు తీసుకున్నాడు. సముద్రం, రోస్విటా కలిసి పడాలి.

"దాంతో మరీ దగ్గరికెళ్లకు. ముక్కు బంగాళాదుంపలా వస్తుంది."

"ఆ మాట తనతో అనకు తల్లీ, రీలు రద్దయిపోతుంది!"

తర్వాత యాభై. హోటల్లో బల్లకి అవతల కూర్చున్న మనిషికి అదే సరైనది. మూడోదాని దగ్గర చెయ్యి చాలాసేపు తచ్చాడి, దూరపువాటిని దగ్గరగా చూపే తొంభై మీద వాలింది.

"అంత దూరంనుంచెందుకు?"

"ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడే తను నవ్వుతుంది."



నాలుగింటికి ప్లమ్ పళ్ల కేకు కోశారు. ఒట్మార్ అందరి చేతులూ పట్టుకుని ఊపి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మిగిలిన లెన్సులు బీరువాలో పెట్టబోయిన ఆంకె గబగబా కిటికీ తెరిచింది.

"ఒట్మార్! మూతలు మర్చిపోయావ్!"

"మర్చిపోలేదు!" రోడ్డు మీదనుంచి కేక.

"గీతలు పడతాయయ్యా!"

"ఉన్నవాటికి ఇంకోటి!" వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపి వంతెన వైపు మలుపు తిరిగాడు.

ఖాళీ బల్లమీద, కేకు పొడి పక్కన, మూడు నల్లటి మూతలు వరసగా బోర్లా పడి ఉన్నాయి.